పిట్ట అనే పిట్ట కోసం బెజవాడలో, గుంటూరులో నాలుగు రోజులు

"ఏ పిట్ట బావా?"

"పిట్ట."

"అదేలే, ఏ పిట్ట?"

"పిట్టేరా. దాని పేరే పిట్ట."

ఫోన్లో మా బావమరిదికి ఈ సంగతి ఎక్కేసరికి ఐదు నిమిషాలు పట్టింది. వాడిది గుంటూరు బ్రాడీపేట. పక్షుల్ని చూడ్డానికి హైదరాబాద్ నుంచి పనిగట్టుకుని వస్తున్నానంటే ముందు నమ్మలేదు. అక్కతో ఏమన్నా గొడవా అని గొంతు తగ్గించి అడిగాడు. నమ్మాక మాత్రం బండీ తనూ రెడీ అన్నాడు.

పేరు సంగతి నేను కల్పించింది కాదు. 1816లో వియెయో అనే ఫ్రెంచి పక్షిశాస్త్రవేత్త ఈ రకం పక్షులకు శాస్త్రీయ నామం పెట్టాల్సి వచ్చి, మన తెలుగు మాటనే తీసుకుని 'పిట్టా' అన్నాడు. ఆస్ట్రేలియా అడవుల్లో ఉండే దాని చుట్టాలను కూడా ఇవాళ లోకమంతా పిట్టా అనే పిలుస్తోంది. మనకేమో ప్రతి చిన్న పక్షీ పిట్టే కాబట్టి దీన్ని ఎవరూ విడిగా పట్టించుకోలేదు. హిందీ వాళ్ళు నవరంగ్ అంటారు. తమిళులు ఆరుమణి కురువి అంటారు, అంటే ఆరు గంటల పిట్ట. పొద్దున ఆరు ప్రాంతంలో, మళ్ళీ సాయంత్రం ఆరు ప్రాంతంలో రెండు స్వరాల ఈల వేస్తుంది. మిగతా వేళల్లో పెద్దగా నోరెత్తదు.

చూడ్డానికి గోరింక కంటే చిన్నది. తోక ఉందా లేదా అన్నట్టుంటుంది. వీపు ఆకుపచ్చ, రెక్క మీద మెరిసే నీలం మచ్చ, పొట్ట లేత గోధుమ రంగు, తోక కింద కుంకుమ అద్దినంత ఎరుపు, కళ్ళ మీదుగా నల్లటి పట్టీ. ఇన్ని రంగులు పూసుకుని కూడా కంటబడదు. కొమ్మ మీద ఎదురుగా కూర్చునే రకం కాదు మరి. చెట్ల నీడన రాలిన ఆకుల్ని తిరగేసుకుంటూ, కింద దొరికే పురుగుల్ని తింటూ నేల మీదే గెంతుతుంది. చలికాలం దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ గడిపి, ఎండలు ముదిరేసరికి ఉత్తరానికి బయలుదేరుతుంది. వానాకాలంలో మధ్య భారతంలోనూ హిమాలయాల దిగువ అడవుల్లోనూ గూడు పెట్టుకుంటుంది. ప్రయాణం రాత్రిళ్ళే. తెల్లవారేసరికి కింద ఎక్కడ పచ్చగా కనిపిస్తే అక్కడ దిగిపోతుంది. అది అడవే కానక్కర్లేదు, ఊళ్ళో పార్కయినా, కాలేజీ వెనక తోటయినా సరే. అపార్టుమెంటు అద్దాలకు కొట్టుకుని కింద పడి దొరికేది కూడా ఈ రోజుల్లోనే. అందుకే ఉగాది వెళ్ళిన రెండు వారాలకు, బుద్ధి ఉన్నవాళ్ళు కోస్తా వైపు రాని కాలంలో, నేను బెజవాడలో దిగాను.

మొదటి బస బస్టాండుకు దగ్గర్లో ఒక హోటల్. ఏసీ గది 1,900 రూపాయలు. గది శుభ్రంగా ఉంది, ఏసీ చల్లగా ఉంది, దుప్పట్లు ఉతికినవే. మామూలుగా దుర్గమ్మ దర్శనానికి వచ్చేవాళ్ళయితే వంక పెట్టేందుకు ఏమీ లేదు. నేను తెల్లవారుజామున 4.45కి కిందికి దిగితే మాత్రం షట్టరు వేసి ఉంది. రిసెప్షన్ కుర్రాడు సోఫాలో ముసుగు తన్ని పడుకున్నాడు. లేపితే, "ఐదున్నరకు గానీ తీయొద్దన్నారు సార్" అన్నాడు. ఏప్రిల్ నెలలో ఇక్కడ ఆరు కాకముందే తెల్లారిపోతుంది, ఎనిమిదికల్లా చొక్కా వీపుకు అంటుకుంటుంది, తొమ్మిదింటికి పిట్టలు కూడా నీడకు పోతాయి. చేతిలో ఉండేదల్లా ఆ మూడు గంటలే. బతిమాలితే ఐదుకు తీశాడు. క్యాబ్ యాప్‌లో ఇద్దరు డ్రైవర్లు ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకుని రద్దు చేశారు. చివరికి రోడ్డు మీద ఆటో దొరికింది. గది అద్దెలోనే టిఫిన్ కలిసి ఉంది గానీ అది 7.30 నుంచి, కాబట్టి దాని రుచి గురించి నేనేమీ చెప్పలేను. గది మాట్లాడుకునేటప్పుడు ఏసీ, వైఫై తర్వాత అడగండి. ముందు "గేటు ఎన్నింటికి తీస్తారు?" అని అడగండి.

నేనూ బావమరిదీ మొదట వెళ్ళింది ఊరి అంచున ఉన్న ఒక పార్కుకు. పేరెందుకులే. అడవి ముక్కనే చదును చేసి, నడవడానికి బాట వేసి, బెంచీలు పెట్టారు. గేటు బోర్డు మీద 6 అని ఉంది. టికెట్లు ఇచ్చే అబ్బాయి 6.40కి వచ్చాడు. పాసులున్న వాకర్లు మా పక్క నుంచే లోపలికి వెళ్తున్నారు, మేం గేటు బయట బండి మీద కూర్చుని లోపల కూస్తున్న కోయిల్ని వింటున్నాం. అబ్బాయి వచ్చాక ఇంకో చర్చ మొదలైంది. నా మెడలో ఉన్న బైనాక్యులర్ కెమెరా కిందికి వస్తుందా రాదా? కెమెరాకు టికెట్ వేరు. దీంట్లో ఫొటో పడదని చూపించాను. అతను దాన్ని తిరగేసి పట్టుకుని చూశాడు, నేను మరీ దూరంగా కనిపించి ఉంటాను. "సరే, ఈసారికి వదిలేస్తున్నా సార్" అన్నాడు.

లోపల ఎంత శుభ్రంగా ఉందంటే, నాకు గుండె జారిపోయింది. చెట్ల కింద ఒక్క ఆకు లేదు. ఎర్రమట్టి మీద చీపురు గీతలు, ముగ్గు వేయడానికి వాకిలి ఊడ్చినట్టు. స్తంభాలకు పెట్టిన స్పీకర్లలో ముందు సుప్రభాతం, ఆ వెనక సినిమా పాటలు. పిల్లలతో రావడానికి, పెద్దవాళ్ళు నడవడానికి ఇంతకంటే మంచి చోటు ఊళ్ళో ఉండకపోవచ్చు. టాయిలెట్లు కూడా బాగున్నాయి, అది చిన్న విషయం కాదు. నేల మీద ఆకులు తిరగేసి బతికే పిట్టకు మాత్రం అది ఊడ్చేసిన విస్తరి.

పై కొమ్మల్లో ఉండేవి ఉన్నాయి. రావిచెట్టు మీద కోయిలలు, పికిలి పిట్టలు, కనపడకుండా టక్ టక్ అంటూ కంసాలి పిట్ట. వేపచెట్టు చిటారున ఒక చిన్న ఆకుపచ్చ వార్బ్లర్ 'చిస్వీ' అంటూ ఆకాకునా వెతుక్కుంటోంది. గ్రీనిష్ వార్బ్లర్. పది గ్రాములు కూడా ఉండని ఆ ప్రాణి ఇంకొన్నాళ్ళలో హిమాలయాల వైపు వెళ్ళిపోతుంది. బావమరిదికి ఆ బరువు సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. "బావా, రెండు చాక్లెట్లంత ఉండదు కదా" అన్నాడు ఆఖరికి.

తిరిగి వెళ్ళేటప్పుడు పార్కు వెనక నర్సరీ దగ్గర ఒక పెద్దావిడ మొక్కల సంచుల్లో మట్టి నింపుతోంది. ఏం వెతుకుతున్నారని అడిగింది. ఫోన్లో బొమ్మ చూపించాను. "ఇదా! నిన్న గాక మొన్న చూశాగా. పొద్దున్నే వస్తది, పైపు కాడికి" అంది. నాకు నవ్వొచ్చింది. రంగురంగుల బొమ్మ ఏది చూపించినా అందరూ మా ఇంటి వెనక చూశామనే అంటారు, తీరా చూస్తే లకుముకి పిట్ట అవుతుంది. సరేనమ్మా అని తల ఊపి, ఫోన్లో, కూత విని పక్షి పేరు చెప్పే మెర్లిన్ యాప్ ఏం విన్నదో చూసుకుంటూ ముందుకు నడిచాను. ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. నేను వినలేదు. ఈ ప్రయాణం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

టిఫిన్ గాంధీనగర్ బాబాయ్ హోటల్లో, వెన్న వేసిన ఇడ్లీ. ఆ తర్వాత గదికెళ్ళి పడుకున్నాం. సాయంత్రం భవానీ ద్వీపం. పడవ ఎక్కి కృష్ణ మీద వెళ్ళడం బాగుంది, ద్వీపం మీద చెట్లూ బాగున్నాయి. కానీ అది పిక్నిక్ స్థలం, పడవల వేళలు కూడా పిక్నిక్ వాళ్ళకు తగ్గట్టే. ఇంటిల్లిపాదీ వస్తే సరదాగా గడిచిపోతుంది, పిట్టల కోసమే అయితే ఆ సాయంత్రం ఇంకోచోట పెట్టుకోండి. మేం గంటలో తిరిగొచ్చి ప్రకాశం బ్యారేజీ దిగువన నిలబడ్డాం. 1957 నుంచీ ఉన్న ఆ బ్యారేజీకి పైన నిండు నీళ్ళు, కింద ఎండాకాలం ఇసుక తిన్నెలూ మడుగులూ. ఆ మడుగుల అంచున ఉల్లంకులు పరిగెడుతున్నాయి. తోకాడించే వ్యాగ్‌టెయిల్ పిట్టల్లో కొన్నింటికి అప్పుడే పసుపు రంగు తిరిగింది. చలికాలమంతా మాసిన గుడ్డలా ఉండే ఈ పిట్ట వెళ్ళిపోయే ముందు పెళ్ళికొడుకులా తయారవుతుంది. టికెట్ లేదు, గేటు లేదు, బండి పక్కన ఆపితే చాలు. ద్వీపం మీద గంటలో చూసినదానికంటే ఇక్కడ పది నిమిషాల్లో ఎక్కువ చూశాం.

రెండో రోజుకు బస మార్చాను. ఇబ్రహీంపట్నం దగ్గర, హైదరాబాద్ హైవే మీద ఒక లాడ్జి. ఏసీ లేదు, కూలర్, 900. బాత్రూం తలుపు గడియ పడదు. రాత్రంతా లారీల హారన్లు. అయినా నాలుగు రోజుల్లో డబ్బులిచ్చి దిగిన వాటిలో నాకు నచ్చిన బస ఇదే. ఆ గేటుకు తాళమే లేదు. 4.15కి ఎదురుగా లారీ డ్రైవర్ల టీ కొట్టు తెరిచే ఉంది. టీ కొట్టతనే నాలుగు బన్నులు కాగితంలో చుట్టి ఇచ్చి, "కొండకా సార్? నీళ్ళు ఇక్కడే నింపుకోండి" అన్నాడు.

కొండ అంటే కొండపల్లి రిజర్వు ఫారెస్టు. బెజవాడ నుంచి 20 కిలోమీటర్ల పైన మూలపాడు దగ్గర అటవీశాఖ వాళ్ళ బటర్‌ఫ్లై పార్కు ఉంది, అక్కడి నుంచి అడవిలోకి నడక దారి పడుతుంది. ముందురోజే మాట్లాడుకోవడం వల్ల చీకటి ఉండగానే ఒక గార్డు మాతో వచ్చాడు. పార్కు పేరు చూసి ఏప్రిల్లో సీతాకోకచిలుకల కోసం వెళ్తే ఉసూరుమంటారు. అవి కావాలంటే వానలు పడ్డాక రావాలి. ఏప్రిల్లో ఆ అడవి ఎండిపోయి బూడిద రంగులో ఉంటుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి చెట్లకు ఆకు లేదు. దూరంగా థర్మల్ స్టేషన్ చిమ్నీలు. కింద హైవే మోత. కానీ అడుగు వేస్తే కరకరమని చప్పుడు. చీలమండ లోతున ఆకులు! నిన్నటి ఎర్రమట్టి నేల గుర్తొచ్చి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఎండిన వాగులో ఒకచోట, బండల మధ్య, బిందెడు నీళ్ళ గుంట మిగిలి ఉంది. గార్డు చెప్పిన మాట, "సార్, ఈ నెల్లో తిరగొద్దు. కూర్చోండి." అది విన్నాం. బండ చాటున రెండు గంటలు కూర్చున్నాం. దోమలు, ఎర్రచీమలు, బావమరిది నిట్టూర్పులు. కానీ నీళ్ళ దగ్గరికి అన్నీ వరసగా వచ్చాయి. ముందు నెమలి, మమ్మల్ని చూసి కూడా లెక్క చేయలేదు. తర్వాత టికెల్స్ నీలి ఈగపట్టు పిట్ట, బండ మీద వాలి ఒళ్ళంతా తడుపుకుంది. చెట్ల మధ్య నుంచి పసుపు మెరుపులా వంగపండు పిట్ట, అదే గోల్డెన్ ఓరియోల్. ఆ తర్వాత వచ్చింది ప్యారడైజ్ ఫ్లైక్యాచర్ మగది, మంచులా తెల్లగా, మూరెడు రిబ్బను తోక వెనక తేలుతుండగా. అది గాల్లోంచి నీళ్ళలోకి దబ్బున దూకి, లేచి, కొమ్మ మీద కూర్చుని, మళ్ళీ దూకింది. ఏడెనిమిది సార్లు. బావమరిది ఫోన్ తీయడం మర్చిపోయాడు. "బావా, ఇది చాలు, నీ పిట్ట కనపడకపోయినా పర్లేదు" అన్నాడు.

నాకు పర్లేదు అనిపించలేదు. ఒకసారి ఆకులు కదిలాయి. ఒక్కో ఆకునీ ముక్కుతో పట్టి పక్కకు విసిరేస్తోంది ఏదో. గుండె దడదడలాడింది. తీరా బయటికి వస్తే నారింజ రంగు తల, బూడిద రంగు రెక్కలు. ఆరెంజ్ హెడెడ్ థ్రష్. ఇంకే రోజయినా దాన్ని చూసి గంతులేసేవాణ్ణి. ఆ రోజు పాపం దాన్ని చూసి మొహం వేలాడేశాను.

తొమ్మిదిన్నరకు దిగిపోయి, హైవే పక్కన తాటి ముంజలు డజను తిని, కూలర్ ముందు పడుకుని, నాలుగున్నరకు మళ్ళీ ఎక్కాం. సాయంత్రం 6.05. గార్డు ఇక పోదాం సార్ అంటున్నాడు. అప్పుడు లోయలోంచి ఒక ఈల. రెండు స్వరాలు, మొదటిది పైకి లేచి, రెండోది కిందికి జారుతూ. వీట్... ట్యూ. కాస్త ఆగి ఇంకోసారి. అవతలి గట్టు నుంచి మరొకటి జవాబిచ్చింది. పిట్ట! ఒకటి కాదు, రెండు.

బావమరిది వెంటనే ఫోన్ తీశాడు. యూట్యూబ్‌లో దాని కూత పెడితే దగ్గరికి వస్తుంది కదా అని. వద్దన్నాను. రాత్రంతా ఎగిరి వచ్చి, మళ్ళీ ఎగరడానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకుంటున్న ప్రాణిని దొంగకూతతో పరిగెత్తించడం నాకు ఇష్టం ఉండదు. ఫొటోల కోసం చేసేవాళ్ళున్నారు, చూశాను. మనం చేయొద్దు. వాడు ఫోన్ జేబులో పెట్టి, నెమ్మదిగా అన్నాడు: "కూత పెట్టక్కర్లేదులే బావా. ఈ ఈల నేను విన్నా."

"ఎక్కడ?"

"పార్కులో. నర్సరీ ఆవిడ వేసి చూపించలా? నువ్వు ఫోన్ చూసుకుంటున్నావ్. అచ్చం ఇట్లాగే. వీట్, ట్యూ."

నేనేం మాట్లాడగలను?

ఆ రాత్రి లాడ్జి ఖాళీ చేసి గుంటూరు వెళ్ళాం. మూడో బస బ్రాడీపేటలో వాళ్ళిల్లు. అద్దె లేదు, మేడ మీద నులకమంచం, చల్లటి గాలి. బస కింద మార్కులు వేయాల్సి వస్తే భోజనానికి పదికి పన్నెండు వేస్తాను. గోంగూర పచ్చడి, దోసకాయ పప్పు, గడ్డపెరుగు. చిక్కల్లా మర్యాదతోనే. అల్లుడు టిఫిన్ తినకుండా గుమ్మం దాటితే మా అత్తగారు ఊరుకోరు. తెల్లవారుజామున 4.30కి నేను బూట్లు వేసుకుంటుంటే పెనం చుయ్యిమంది. పెసరట్టు. షట్టరు తెరవని హోటలు కుర్రాణ్ణి దాటడం సులువు, ఈవిణ్ణి దాటడం కాదు. రెండు తిని 5.20కి బయటపడ్డాం.

ఆ పొద్దున ఉప్పలపాడు. నిజానికి ఇది నా లెక్కలో లేదు, పిట్ట దొరికే చోటు కాదు. గుంటూరుకు పది కిలోమీటర్లలోపే, పెదకాకాని మండలం. ఊరి చెరువు, అందులో తుమ్మచెట్లు, ఆ చెట్ల మీద ఆకుల కంటే ఎక్కువగా పక్షులు. బండి ఆపకముందే చప్పుడు, దానికి ముందే వాసన. గూడబాతుల పిల్లలు అప్పటికే దాదాపు పెద్దవాటంత అయ్యాయి, అయినా తల్లి రాగానే దాని గొంతు సంచిలోకి తల మొత్తం దూర్చి చేపలు లాక్కుంటున్నాయి. చూస్తుంటే మనకు ఊపిరాడదు. ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాలు, నీటికాకులు, ఒకదాని గూటి మీద ఇంకొకటి, మా ఊరి పెళ్ళి బస్సులో జనంలా.

ఇవన్నీ సైబీరియా నుంచి వస్తాయని అక్కడికి వచ్చిన ఒకాయన పిల్లలకు చెబుతున్నాడు. చాలామంది అదే అనుకుంటారు. గూడబాతులూ ఎర్రకాళ్ళ కొంగలూ మన దేశం పక్షులే. నీళ్ళూ చేపలూ ఎక్కడుంటే అక్కడికి తిరుగుతూ, పిల్లల్ని పెట్టడానికి నమ్మకమైన చోటు చూసుకుంటాయి. ఆ నమ్మకం ఊరివాళ్ళది. రెట్టలు పడతాయి, వాసన వస్తుంది, అయినా ఎవరూ రాయి విసరరు, విసిరితే ఊరుకోరు. ఇళ్ళ మధ్య ఉన్న చెరువులో ఇన్ని గూళ్ళు నిలవడానికి వేరే కారణం వెతకనక్కర్లేదు. మా నాలుగు రోజుల్లో తక్కువ కష్టంతో ఎక్కువ చూసిన చోటు ఇదే. వాచ్ టవర్ ఉంది, బైనాక్యులర్ లేకపోయినా కనిపిస్తాయి, నడక లేదు. పక్షులంటే ఆసక్తి లేనివాళ్ళను కూడా ముందు ఇక్కడికి తీసుకురండి, తర్వాత ఎర్రచీమల బండ మీద కూర్చోబెట్టొచ్చు. ఏడున్నరలోపు వెళ్ళండి, ఎండ ఎక్కితే నీళ్ళ తళుకుకు కళ్ళు నిలవవు.

తిరిగి వస్తూ వాడికేదో పనుందని మిర్చి యార్డు వైపు తిప్పాడు. మంచి సీజన్, ఎటు చూసినా టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు. ఐదు నిమిషాల్లో పాతిక తుమ్ములు తుమ్మాను. ఇది యాత్రలో భాగం కాదు గానీ రాయకుండా ఉండలేకపోయాను.

ఆ సాయంత్రం మళ్ళీ బెజవాడ పార్కుకు వెళ్ళి నర్సరీ ఆవిణ్ణి వెతికాను. పైపుతో మొక్కలకు నీళ్ళు పెడుతోంది. "ఆ రోజే చెప్పాగా బాబూ" అంది. కోపం లేదు, నవ్వింది. ఏ వేళకు వస్తుందమ్మా అంటే, "మేం వచ్చేసరికి ఉంటది. తెల్లారగట్ల నీళ్ళు పెట్టుకుంటాంగా, ఎండెక్కితే మొక్క నిలవదు" అంది. ఐదున్నరకు నర్సరీ గేటు తీస్తారట. సూపర్‌వైజర్ని పిలిపించింది. ఆయన ఆధార్ చూసి, ఒక్క అరగంట, చప్పుడు చేయొద్దు, టికెట్లు మాత్రం కౌంటర్ తెరిచాక తీసుకోవాలి అని మూడు షరతులు పెట్టాడు. సరే అన్నాను. ఇంత సులువని తెలిస్తే మొదటిరోజే అడిగేవాణ్ణి. మనం గేటు ముందు నిలబడి తిట్టుకుంటాం గానీ, వెనక గేటు ఎవరి చేతిలో ఉందో అడగం.

నాలుగో రోజు. ఐదున్నర. నర్సరీ వెనక ప్రహరీ గోడ పక్కన ఎరువు గుంట. పార్కంతా ఊడ్చిన ఆకులు తెచ్చి పోసేది అక్కడే! నడుం ఎత్తున కుప్పలు, అడుగున నల్లగా మాగిన ఆకు, దాంట్లో వానపాములు. పక్కన డ్రమ్ముకు వెళ్ళే పైపు జాయింటు దగ్గర కారుతోంది. చుక్క చుక్క కాదు, సన్నటి ధార. కింద చాపంత బురద. మూడు రోజులుగా నేను వెతికిందంతా ఈ గోడ పక్కన ఉంది.

మొక్కల సంచుల వరస వెనక చతికిలబడ్డాం. 5.50కి ఈల వినపడింది, ఎంత దగ్గరంటే బావమరిది నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆ తర్వాత ఎనిమిది నిమిషాలు ఏమీ లేదు. గోరింక ఒకటి వచ్చి నీళ్ళు తాగి వెళ్ళింది. జెముడుకాకి గోడ మీద నడిచింది. అప్పుడు కుప్ప నీడలోంచి రెండు గెంతులు వేసి బయటికి వచ్చింది. నిటారుగా నిలబడింది. తోక కిందికీ పైకీ నెమ్మదిగా ఆడించింది. ఆ ఎరుపు నేను బొమ్మల్లో చూసిన ఎరుపు కాదు, పొద్దుటి వెలుతురులో తడిసిన ఎరుపు. ఒక ఆకు తిరగేసింది. లేదు. ఇంకో ఆకు. వానపామును పట్టి, సాగదీసి, మింగి, ధార కింద ముక్కు తడుపుకుంది. పక్కకు తిరిగినప్పుడు రెక్క మీద నీలం తళుక్కుమంది. మొత్తం మీద నిమిషంన్నర ఉండి ఉంటుంది. ఎక్కడో వాకర్ల స్పీకరు గరగరమంది, అంతే, రెక్కల్లో తెల్ల మచ్చలు మెరిపించి గోడ దాటిపోయింది.

"ఇదా పిట్ట" అన్నాడు బావమరిది. ఏ పిట్ట అని అడగలేదు.

సూపర్‌వైజర్ వచ్చి కనిపించిందా సార్ అని అడిగాడు. ఆ ఆకులు తగలబెట్టొద్దని చెప్పాను. తగలబెట్టం సార్, ఎరువు చేస్తాం అన్నాడు, నిజంగానే చేస్తున్నారు. "ఆ పైపు సంగతే చూడాలి, వచ్చే వారం ప్లంబర్ వస్తాడు" అన్నాడు. నేను కంగారుపడి, నెలాఖరు దాకా ఆపగలరా అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. పెద్దావిడ మట్టి తట్ట దించి అంది: "సంకురాత్రి నుంచి చెబుతున్నాం బాబూ ఆ ప్లంబర్‌కి. నువ్వేం బెంగపెట్టుకోమాక."

మాట ప్రకారం ముందు గేటు దగ్గరికి నడిచి కౌంటర్ తెరిచేదాకా నిలబడ్డాం. అబ్బాయి 6.45కి వచ్చాడు. రెండు టికెట్లు తీసుకున్నాను. లోపలికి ఇటు సార్ అని దారి చూపించాడు. చూసేశామండీ, బస్సుకు టైమైంది అన్నాను. అతను ఒకసారి మా మొహాలూ, ఒకసారి నా మెడలో ఉన్నదీ చూశాడు.

"కెమెరా టికెట్ కూడా తీసుకోండి సార్. పోయినసారి వదిలేశాగా."

తీసుకున్నాను.